మద్నాబటిలో కేరీగారి కుటుంబము

ధ్యానభాగము: యాకోబు 5:7-11, రూతు 1:1-5

విలియం కేరీగారి పేరు వినని సంఘము మన తెలుగు ప్రాంతములలో ఉండదని చెప్పవచ్చును. ఆయన చెప్పులు కుట్టుకొనుచు గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనిన సంగతి సండే స్కూలు పిల్లలు కూడ చెప్పుదురు. 1814లో తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసి అచ్చువేసినది వీరే. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడినదియు వీరి శ్రీరాంపూరు అచ్చుకూటమునుండియే. అయితే కూటములలో ఆయన చరిత్ర చెప్పునప్పుడు మనము చెప్పుల అంగడిలోనుండి ఒక్క గంతున శ్రీరాంపూరులోనికి దుముకుదుము. నడుమ ఆరేండ్లు మిగిలిపోవును. ఆ ఆరేండ్లలో అయిదేండ్లకు పైగా ఆయన, ఆయన భార్యాబిడ్డలు ఉత్తర బంగాళములోని ఒక నీలిమందు ఫ్యాక్టరీయొద్ద గడపిరి. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ యేండ్లను గూర్చియే. ముఖ్యముగా ఆ యింటిలో ఆ దినములు ఎవరికి ఎట్లు గడచెనో దానిని గూర్చి.

కేరీగారు 1761లో ఇంగ్లండు దేశమందలి నార్తాంప్టన్ ప్రాంతమున పాలర్స్‌పరీ అను పల్లెలో పుట్టిరి. 1781 జూన్ 10వ తేదీన పిడింగ్టన్ గ్రామ దేవాలయములో డోరతీ ప్లాకెట్ అను ఆమెను వివాహము చేసికొనిరి. అప్పటికి ఆయనకు ఇరువదియేండ్లు నిండలేదు. ఆమె ఆయనకంటె అయిదారేండ్లు పెద్దది. ఆమెకు చదువు రాదు. పెండ్లి రిజిస్టరులో పేరు వ్రాయలేక, మన తల్లులు వేలిముద్ర వేసినట్లు, ఒక గుర్తు గీసెను. మన నోటికి తగినట్లు ఆమెను డోరతమ్మ అని పిలుతము. వారి ఆడపిల్లలిద్దరు పసితనములోనే చనిపోయిరి. ఫీలిక్స్, విలియం, పీటర్ అను ముగ్గురు మగపిల్లలు మిగిలిరి. భర్త పగలు పని, రాత్రి పుస్తకములు, ఆదివారము ప్రసంగము. ఆయన పటము గోడకు తగిలించుకొని దూరదేశముల జనులను గూర్చి దుఃఖించుచుండగా, ఆమె చాలీచాలని రాబడితో పొయ్యి వెలిగించుచుండెను.

1792 అక్టోబరు 2న కెట్టరింగ్ ఊరిలో కొందరు పాస్టర్లు కూడుకొని 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్సుల చందాతో మిషను సంఘము నేర్పరచిరి. బంగాళములో కొంతకాలముండి వచ్చిన డాక్టరు జాన్ తామసుగారితో కూడ కేరీగారు వెళ్లునట్లు 1793 జనవరిలో నిర్ణయమాయెను. డోరతమ్మ రానని చెప్పెను. పాత చరిత్రకారులు కొందరు ఈ మాట పట్టుకొని ఆమెను అవిశ్వాసురాలినిగా, సువార్తకు అడ్డముగా చిత్రించిరి. మాకు అట్లు తోచదు. ఆమె అప్పుడు గర్భిణి. నార్తాంప్టన్ పల్లెలు, లెస్టర్ పట్టణము తప్ప మరియొక చోట కాపురము చేసినది కాదు. ఫ్రాన్సుకును ఇంగ్లండుకును అప్పుడే యుద్ధము మొదలై సముద్రముపై శత్రువుల ఓడలు తిరుగుచుండెను. వెళ్లినవారు తిరిగి వత్తురను నిశ్చయము లేదు. మన గ్రామములలో ఏ తల్లిని అడిగినను ఏమి చెప్పునో చదువరులే ఆలోచింతురుగాక.

కేరీగారు ఫీలిక్సును మాత్రము వెంటబెట్టుకొని ఏప్రిలు నెలలో బయలుదేరిరి. కాని ఈస్టిండియా కంపెనీవారి అనుమతి లేనందునను, తామసుగారికి అప్పులున్నందునను వారిని ఇంగ్లండు తీరమందే ఓడనుండి దింపివేసిరి. ఈ ఆలస్యములో డోరతమ్మ ప్రసవించెను. ఆ బిడ్డకు జాబెజ్ అని పేరు పెట్టిరి. కొద్ది దినములకు ఒక డేనిష్ ఓడ దొరకెనని తెలిసి, ఇద్దరును రాత్రంతయు ప్రయాణముచేసి ఆమె యొద్దకు వచ్చి మరల అడిగిరి. ఆమె మరల కాదనెను. వారు బయటికి వచ్చిరి. కాని తామసుగారు దారిలోనుండి వెనుకకు వెళ్లి, ఇప్పుడు రాకున్న కుటుంబము ఎన్నటికి చీలిపోవుననియు, బ్రతికినంతకాలము పశ్చాత్తాపపడవలసి వచ్చుననియు ఆమెను భయపెట్టిరి. చెల్లెలు కేథరిన్ తోడు వచ్చినయెడల వచ్చెదనని ఆమె ఒప్పుకొనెను. ఆ చెల్లెలిని ఇంటిలో కిట్టీ అని పిలిచెడివారు. ఒక్క దినములో సామానులు సర్దుకొని, ఉన్న వస్తువులు అమ్ముకొని, నెల నిండని పసిబిడ్డతో బయలుదేరిరి. జూన్ 13న ఓడ కదలెను. నవంబరు 11న కలకత్తాలో దిగిరి. అయిదు నెలలు నేల త్రొక్కలేదు.

కలకత్తాలో తెచ్చుకొనిన డబ్బు త్వరలోనే ఖర్చయిపోయెను. తామసుగారు వైద్యము మొదలుపెట్టి పట్టణములో సుఖముగానే ఉండిరి. కేరీగారి కుటుంబమునకు ఒక వడ్డీ వ్యాపారి దయతో మాణిక్‌తలాలోని తన తోటయింటిని అద్దె లేకుండ ఇచ్చెను. చిన్న యిల్లు, చుట్టును తేమ నేల. డోరతమ్మకును పెద్దపిల్లలిద్దరికిని రక్తవిరేచనములు పట్టుకొనెను. అక్కచెల్లెండ్రు గోధుమరొట్టె లేదని సణగుకొనిరని కేరీగారు తన దినచర్య పుస్తకములో నొచ్చుకొని వ్రాసికొనిరి. రొట్టె లేకున్న అన్నము తినరాదా యని మనకు తోచవచ్చును. కాని రోగముతో మంచముపై నున్న మనిషికి పుట్టింటి కూడు గుర్తుకు వచ్చుట వింత కాదు.

1794 ఆరంభమున వారు పడవలో సుందరవనములవైపు దేబ్‌హట్టాకు పోయిరి. ఆ ఊరు ఇప్పటి బంగ్లాదేశములోనున్నది. అక్కడ కంపెనీవారి ఉప్పు వ్యవహారము చూచు షార్ట్ అను దొర, ముఖపరిచయము లేకున్నను, వారందరిని తన యింటిలో చేర్చుకొనిరి. పులులు తిరుగు ఆ అడవి అంచున కేరీగారు పొలము చేసికొని బ్రదుకుదమని ఒక యిల్లు వేయుట మొదలుపెట్టిరి. ఇంతలో తామసుగారి స్నేహితుడైన జార్జి ఉడ్నీగారు తన నీలిమందు ఫ్యాక్టరీని చూచుకొనుమని కేరీగారిని పిలిచిరి. నెలకు 200 రూపాయల జీతము. అది దేవుడు తెరచిన ద్వారమని కేరీగారు ఎంచిరి. అట్లు ఎంచుటకు తగిన కారణమున్నది. కాని కిట్టీ వారితో వెళ్లలేదు. ఆమె షార్ట్ దొరగారిని పెండ్లాడుటకు నిశ్చయించుకొనెను. ఏ చెల్లెలు తోడు వచ్చినందున డోరతమ్మ ఓడ ఎక్కెనో, ఆ చెల్లెలు ఏడాది తిరుగకమునుపే దేబ్‌హట్టాలో నిలిచిపోయెను. ఇందులో ఎవరి తప్పును లేదు. అయినను జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి.

మూడు వారములు నదులమీద ప్రయాణముచేసి జూన్ నెలలో మాల్దా చేరిరి. అక్కడికి ఉత్తరమున సుమారు ముప్పది మైళ్ల దూరమున, టంగాన్ నది దగ్గర, మద్నాబటి ఫ్యాక్టరీ. ఇటుకలతో కట్టిన మంచి యిల్లు దొరకెను. తినుటకు కొరత తీరెను. కేరీగారు వెంటనే, ఇకమీదట తనకు జీతము పంపనక్కరలేదనియు, ఆ డబ్బు వేరొక మిషనుకు వాడుడనియు ఇంగ్లండుకు వ్రాసిరి. అక్కడి పెద్దలలో కొందరు మిషనెరీకి వ్యాపారమేల యని సందేహించి హెచ్చరిక వ్రాసిరి. పౌలు డేరాలు కుట్టిన సంగతి వారు మరచిరి కాబోలు.

నీలిమందు సేద్యము ఒకప్పుడు మన కడప, నెల్లూరు జిల్లాలలోను ఉండెను గనుక పెద్దల ద్వారా వినినవారు ఉందురు. వానకాలమున మొక్క కోతకు వచ్చును. దానిని కోసి, కట్టలు కట్టి, పెద్ద తొట్లలో నీట నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున దిగిన రంగును కాచి, పిండి, బిళ్లలుగా కోసి ఆరబెట్టవలెను. మొక్క కోతకు వచ్చిన తరువాత ఒక వారము ఆలస్యమైనను నది పొంగి పంట మునిగిపోవచ్చును. ఆ మూడు నెలలు రాత్రింబగళ్లు పని. మిగిలిన తొమ్మిది నెలలు పని చాల తక్కువ.

ఆ తొమ్మిది నెలలే కేరీగారికి దేవుడిచ్చిన బడి యాయెను. మున్షీ రామ్‌రామ్ బసుతో కూర్చుండి బంగాళీ భాషను, తరువాత సంస్కృతమును నేర్చుకొనిరి. బైబిలును తర్జుమా చేయ మొదలుపెట్టిరి. 1797 నాటికి క్రొత్త నిబంధన అంతయు చేతివ్రాతలో సిద్ధమగుచుండెను. చలికాలమున రెండు పడవలు కట్టుకొని, ఒకదానిలో పడుకొనుచు, మరియొకదానిలో వంట చేసికొనుచు, ఒడ్డు దిగి గ్రామమునుండి గ్రామమునకు నడచుచు ప్రకటించిరి. ఇరువది మైళ్ల వెడల్పు గల ఆ ప్రాంతములో సుమారు 200 గ్రామములు ఆయన తిరుగు పరిధిలో ఉండెను. పిల్లలకు బడి పెట్టిరి. తోట వేసిరి. ఏటేట విత్తనములు, కొడవండ్లు, నాగలి సామాను పంపుడని ఇంగ్లండుకు వ్రాసిరి. విత్తనముల పొట్లము విప్పినప్పుడు ఆయన ఆనందము చిన్నపిల్లవాని ఆనందము వంటిదట. పల్లెలో పుట్టినవానికి మట్టి మరువదు.

అయితే మారుమనస్సు పొందినవారు? ఒక్క బంగాళీయుడు కూడ లేడు. ఒక యేడు గడచెను, రెండేండ్లు గడచెను, అయిదేండ్లు గడచెను. వినువారు వినిరి, తలలూపిరి, వెళ్లిపోయిరి. కులము వెలివేయునను భయము గోడవలె నిలిచెను. ఇంగ్లండునుండి మొదటి ఉత్తరములు 1795 మే నెలలో చేరెను. ఇల్లు విడిచి అప్పటికి దాదాపు రెండేండ్లు. యాకోబు పత్రికలోని సేద్యగాడు తొలకరి వర్షముకొరకును కడవరి వర్షముకొరకును ఓపికతో కనిపెట్టునని చదువునప్పుడు, ఆ సేద్యగాడు ఒక్కడే కనిపెట్టుట లేదనియు, ఆ యింటిలో పొయ్యియొద్ద కనిపెట్టువారు కూడ ఉందురనియు మనము తలంచుట తక్కువ.

ఇప్పుడు ఆ పొయ్యియొద్దకు వెళ్లుదము. భర్తకు మున్షీ ఉండెను, పుస్తకములుండెను, పడవలుండెను. మందముగా కదలు దినములను ఆయన నింపుకొనగలిగిరి. డోరతమ్మకు ఏమి యుండెను? చదువుటకు పుస్తకము లేదు. ఉన్నను పెద్దగా చదువలేదు. ఊరి స్త్రీలతో మాటలాడుటకు భాష లేదు. తామసుగారు మేనేజరుగా నున్న ఫ్యాక్టరీ పదునారు మైళ్ల దూరము. చెల్లెలు లేదు. పాలు పిండుటకు, నీళ్లు తోడుటకు సేవకులున్నారు గనుక చేతికి పని కూడ లేదు. పైగా విరేచనముల జబ్బు ఆమెను విడువలేదు. పొద్దు పొడుచును, పొద్దు క్రుంకును.

1794 అక్టోబరులో అయిదేండ్ల పీటర్‌కు జ్వరవిరేచనములు వచ్చి చనిపోయెను. కేరీగారు కూడ అప్పుడే జ్వరముతో పడియుండి లేచిరి. శవమునకు గొయ్యి త్రవ్వుటకు ఎవరును రాలేదు. ముట్టినయెడల కులము పోవునని భయము. ఎంతో బ్రతిమాలగా నలుగురు ముసల్మానులు గొయ్యి త్రవ్విరి. మోయుటకు మాత్రము ఏడెనిమిది మైళ్ల దూరము మనుష్యులను పంపి వెదకినను ఒక్కడును దొరకలేదు. ఇక తండ్రియు తల్లియు తామే బిడ్డను మోసికొనిపోవుటకు నిశ్చయించుకొనిరి. చివరకు ఇంటి పాయిఖానా శుభ్రపరచు పనివాడును, కులము పోగొట్టుకొనిన ఒక కుఱ్ఱవాడును ముందుకు వచ్చి మోసిరి. గొయ్యి త్రవ్విన నలుగురితో తినకూడదు, త్రాగకూడదని ఊరి పెద్ద కట్టడి చేయగా, కేరీగారు కలుగజేసికొని దానిని తీసివేయించిరి. మన గ్రామములలో శ్మశానమునకు స్థలము లేక, మోయువారు లేక తిరిగిన కుటుంబములు ఈ మాటలు చదివినప్పుడు వేరొకరు చెప్పనక్కరలేకయే గ్రహించును.

నయోమి భర్త వెంట పరదేశమునకు వెళ్లి అక్కడ తనవారిని పాతిపెట్టెను. ఆమె బేత్లెహేమునకు తిరిగి వచ్చి తన చేదును ఊరి స్త్రీల యెదుట చెప్పుకొనగలిగెను. డోరతమ్మకు తిరిగి పోవుటకు ఊరు లేదు; చెప్పుకొనుటకు స్త్రీలు లేరు.

మరుసటి సంవత్సరము ఆమె మతి చలించెను. భర్త పరస్త్రీలతో తిరుగుచున్నాడను అపోహ ఆమెను పట్టుకొని విడువలేదు. ఆయన బయటికి వెళ్లిన వెంట వెళ్లి, పనివారి యెదుటను, దారినపోవువారి యెదుటను కేకలు వేసి నిందించెడిది. ఇతర సంగతులలో తెలివిగానే మాటలాడెడిది గనుక, క్రొత్తవారు కొందరు నమ్మి కేరీగారిని అనుమానించుట కూడ జరిగెను. ఒకటి రెండు మారులు ఆయన ప్రాణమునకే అపాయము వచ్చెను. 1795లో ఆయన తన అక్కచెల్లెండ్రకు వ్రాసిన ఉత్తరములో ఈ బాధను దాచలేదు. ఇట్టి స్థితిలో 1796 జనవరిలో జోనాతన్ అను కుమారుడు పుట్టెను. కాలక్రమమున ఆమెను గదిలో ఉంచి కాపాడవలసి వచ్చెను.

ఇటువంటిది మన గ్రామములలో జరిగినప్పుడు దయ్యమనుదురు, విశ్వాసము తక్కువనుదురు, లేదా మొగుని ఉసురు తీయుటకు పుట్టినదనుదురు. సంఘములోనివారే అందురు, మేము వింటిమి. డోరతమ్మను గూర్చియు నూట యేబదియేండ్లకు పైగా ఇట్టి మాటలే వ్రాయబడెను. 1992లో అమెరికాలో జేమ్స్ బెక్ అను ఆయన ఆమెను గూర్చియే ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసిన తరువాత చాలమందికి ఆమె ఒక రోగియని తెలిసివచ్చెను. విరిగిన కాలు విశ్వాసలోపము కాదని మనకు తెలియును. విరిగిన మనస్సును గూర్చియు అట్లే తలంచుట మనకింకను అలవాటు కాలేదు.

పిల్లల సంగతి వేరు. ఫీలిక్సు, విలియం ఊరి పిల్లలతో ఆడుకొని బంగాళీ నేర్చిరి; నదిలో ఈదిరి. ఫీలిక్సు పెద్దవాడైన తరువాత వైద్యశాస్త్రమును గూర్చి బంగాళీలో గ్రంథము వ్రాసెను. ఆ భాషకు పునాది మద్నాబటిలో పడినదే. కాని తల్లి రోగమువలనను, తండ్రి పనివలనను వారిని అదుపులో పెట్టువారు లేకపోయిరి. కేరీగారు మృదు స్వభావులు, కసరుట చేతకాదు. 1800లో హన్నా మార్ష్‌మన్ దొరసాని ఆ నలుగురు పిల్లలను మొదట చూచి, వారి మొరటుతనమునకు నివ్వెరపోయెను. ఆమెయు, ప్రింటరైన విలియం వార్డుగారును వారిని దగ్గరకు తీసిరి. ముఖ్యముగా ఫీలిక్సు వార్డుగారి ప్రేమవలన మనుష్యుడాయెను.

1798లో కేరీగారు కలకత్తాలో అమ్మకమునకు వచ్చిన ఒక కొయ్య అచ్చుయంత్రమును మద్నాబటికి తెప్పించిరి. ఊరివారు గుంపులుగా వచ్చి చూచి, అది దొరల విగ్రహమనుకొనిరి. అయితే వరదలవలన ఫ్యాక్టరీకి నష్టము వెంట నష్టము వచ్చి, 1799లో ఉడ్నీగారు దానిని మూసివేయ నిశ్చయించిరి. కేరీగారు దగ్గరనే ఖిదిర్‌పూర్ అను చోట తన డబ్బుతో చిన్న ఫ్యాక్టరీ కొని అక్కడ స్థిరపడదమనుకొనిరి. అంతలో మార్ష్‌మన్, వార్డుగార్లు ఇంగ్లండునుండి వచ్చిరి. కంపెనీవారు తమ రాజ్యములో వారిని ఉండనీయనందున, డేనిష్‌వారి పట్టణమైన శ్రీరాంపూరులో ఆశ్రయము పొంది, కేరీగారిని అక్కడికే రమ్మని పిలిచిరి. ఆయన పెట్టిన డబ్బు వదలుకొని, అచ్చుయంత్రమును, చేతివ్రాత ప్రతులను, నలుగురు పిల్లలను, మతి లేని భార్యను పడవలో ఎక్కించుకొని, 1800 జనవరి 10న అక్కడ చేరిరి. పీటర్ సమాధి మద్నాబటిలో ఉండిపోయెను.

తరువాతి కథ మీకు తెలిసినదే. ఆ నవంబరులో కృష్ణపాల్ అను వడ్రంగి చెయ్యి తొలగగా తామసుగారు సరిచేసి సువార్త చెప్పిరి. డిసెంబరు 28 ఆదివారమున గంగ ఒడ్డున కృష్ణపాల్ బాప్తిస్మము పొందెను. ఏడేండ్లు కనిపెట్టిన మొదటి పంట. అదే దినమున, అదే నీటిలో ఫీలిక్సు కూడ బాప్తిస్మము పొందెను. డేనిష్ గవర్నరు చూచుచు కన్నీరు విడిచిరి. ఆ సంతోషమును మనము ప్రతి మిషను పండుగలో చెప్పుకొందుము. చెప్పుకొననిది ఇది: తామసుగారు ఆనందాతిశయమున మతి తప్పి ఆ దినమున ఒక గదిలో కట్టుబడి కేకలు వేయుచుండిరి, మరియొక గదిలో డోరతమ్మ కేకలు వేయుచుండెను. తండ్రి పెద్ద కుమారుని చెయ్యి పట్టి నీటిలోనికి దిగునప్పుడు తల్లి అక్కడ లేదు.

ఆ తరువాత ఏడేండ్లు కేరీగారు తర్జుమా బల్లయొద్ద కూర్చుండగా ప్రక్క గదిలోనుండి ఆమె అరుపులు వినబడుచుండెను. పిచ్చాసుపత్రిలో చేర్చుడని స్నేహితులు చెప్పిరి. అట్టి చోట్ల రోగులను ఎట్లు చూచెదరో తలంచి ఆయన ఒప్పుకొనలేదు, ఇంటిలోనే ఉంచుకొనిరి. 1807లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయమువారు ఆయనకు డాక్టరు బిరుదు ఇచ్చిరి. ఆ సంవత్సరమే ఫీలిక్సు బర్మా మిషనుకు బయలుదేరెను. ఆ సంవత్సరము డిసెంబరు 8న డోరతమ్మ జ్వరముతో శ్రీరాంపూరులో చనిపోయెను. పసిబిడ్డగా సముద్రము దాటిన జాబెజ్‌కు అప్పుడు పదునాలుగేండ్లు. జోనాతన్‌కు పదకొండు. ఆ చిన్నవాడు తన తల్లిని స్వస్థబుద్ధితో ఉండగా ఒక్కనాడును చూడలేదు.